గెడ మీద చెయ్యి

నాకు అన్నిటికంటే భయం ఒకటే. నా కూతురు పిలిచినప్పుడు వాళ్ళ నాన్నకి వినపడకపోవడం.

నీళ్ళంటే నాకంత భయం లేదు. నరసాపురంలో గోదావరి గట్టున పుట్టి, కొవ్వూరులో గోదావరి గట్టుకే కోడలిగా వచ్చినదాన్ని. కానీ రేవు మెట్ల మీద పిల్ల కాలు జారి "నాన్నా" అని అరిస్తే, నాలుగు మెట్ల పైన కూర్చున్న తండ్రి తాపీగా చుట్ట కాల్చుకుంటూ ఉండిపోవడం... అది నాకు కలలోకి వచ్చేది. ఇప్పటికీ వస్తుంది.

ఇది పుష్కరాల ఏడు జరిగింది.

మా ఆయన త్రిమూర్తులు, నేను మావా అని పిలుస్తాను, ఇసుక తీసేవాడు. ఇసుక తియ్యడమంటే ఒడ్డున పారతో ఎత్తడం అనుకుంటారు తెలియనివాళ్ళు. ఏటి మధ్యకి పడవ తీసుకెళ్ళి, పక్కనే నిలువునా వెదురు గెడ దించుతారు. ఒకడు ఇనప బొక్కెన పట్టుకుని ఆ గెడ వెంట అడుక్కి జారతాడు. ఇసుక నింపి తాడు లాగితే పడవలో ఒకడు బొక్కెన తోడుకుంటాడు. ఇంకొకడుంటాడు, వాడి పని గెడ పట్టుకోవడం. పైన ఏ లాంచీ రావడం లేదు, ఏ పడవా కొట్టుకురావడం లేదు అని చూసుకుని, వేలి కణుపుతో గెడ మీద రెండుసార్లు కొడతాడు. ఆ దెబ్బ కిందవాడి అరచేతికి తెలుస్తుంది. అప్పుడే పైకి రావాలి. దెబ్బ పడకుండా తలెత్తితే ఏముంటుందో తెలియదు. మా మామగారి తమ్ముడు లాంచీ అడుగు తగిలి పోయింది అలాగే. కింద ఊపిరి చాలకపోతే గెడ ఊపుతారు. అది పైవాడి అరచేతికి తెలుస్తుంది. అందుకని కింద మనిషి ఉన్నంతసేపూ గెడ మీద చెయ్యి తియ్యకూడదు. తీసినవాణ్ణి మళ్ళీ ఏ పడవా ఎక్కించుకోదు. మా పడవలో గెడ పట్టుకునేది మావకి అన్న వరస, తాతాజీ బావగారు.

మావకి వినపడటం లేదని ముందు కనిపెట్టింది నేను కాదు, బేబీ. అప్పటికి దానికి మూడేళ్ళు నిండాయంతే. శివరాత్రి వెళ్ళిన కొత్తలో, మధ్యాహ్నం మావ మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. "నాన్నని అన్నానికి పిలు" అన్నాను. అది పిలవలేదు. పొయ్యి దగ్గరున్న గరిటె తీసుకెళ్ళి మంచంకోడు మీద రెండుసార్లు కొట్టింది. మావ లేచి కూర్చున్నాడు.

"నోటితో పిలవచ్చుగదే" అన్నాను.

"నాన్నకి నోరినపడదమ్మా. మంచం ఇనపడుద్ది."

మా అత్త పాపాయమ్మ చేటలో బియ్యం చెరుగుతూ నవ్వింది. "నీకిప్పుడు తెలిసిందా? మీ మామకి పెళ్ళయిన మూడో ఏటికే పోయినియ్యి చెవులు. కాపరం చెయ్యలేదా ఏంటి? మగోడికి చెవులెందుకే, చెప్పేది మనమేగా."

నేను నవ్వలేదు. ఆ వారమే మావని రాజమండ్రి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన లైటు వేసి రెండు చెవులూ చూసి, మావతో లాభం లేదని నా వైపు తిరిగాడు.

"కుడిచెవి పొర ఎప్పుడో చిరిగిపోయిందమ్మా. ఎడమది ఇంకా కాస్త పనిచేస్తోంది. అది నిలబడాలంటే తల నీళ్ళలో ముంచకూడదు. స్నానం చేసినా చెవిలో దూది పెట్టుకోవాలి."

"ఎన్నాళ్ళండి?"

"ఎన్నాళ్ళేంటి? ఎప్పటికీ."

తిరిగొచ్చేటప్పుడు బస్సు వంతెన ఎక్కాక మావ అడిగాడు, "ఏమన్నాడే డాక్టరు?" అని. ఆయన ఎడమచెవికి నోరు ఆనించి అరిచి చెప్పాను. తల ముంచకూడదంట, ఎప్పటికీ అంట. ముందు సీటావిడ వెనక్కి తిరిగి, మొగుణ్ణి బస్సులో పెట్టి తిడుతున్నాననుకుని మొహం చిట్లించింది. మావ కిటికీలోంచి కింద పడవల్ని చూశాడు.

"మరి తలకాయ ముంచకుండా ఇసుకెలా వస్తది?" అన్నాడు.

ఉగాది వెళ్ళగానే దానికీ జవాబు వచ్చింది. రేవులో ఇసుక వేలంపాట చంద్రరావు గారిది, ఆయన తండ్రి నాటినుంచీ. ఆయన మిషను పడవ తెప్పించారు. ఒక గొట్టం ఏట్లోకి, ఒక గొట్టం ఒడ్డుకి. మధ్యలో మనిషి లేడు. మావాళ్ళంతా గట్టు మీద కూర్చుని, సర్కసు చూసినట్టు ఆ రోజంతా దాన్నే చూశారు.

"దానికి చెవి కారదు, దగ్గు రాదు, దాని పెళ్ళాం అలిగి పుట్టింటికి పోదు. మనకంటే అదే నయం" అన్నారు తాతాజీ బావగారు. అందరూ నవ్వారు. ఏం నవ్వారో తెలియకపోయినా మావ కూడా నవ్వాడు.

మనుషుల్ని మాన్పించిన నెల తిరక్కుండానే చంద్రరావు గారికి మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆయన పాత బియ్యం మిల్లు గోడౌను ఒకటి ఖాళీగా ఉండేది. దానికి నీలం రంగు వేయించి, 'గోదావరి ఇసుక ప్రదర్శనశాల' అని బోర్డు పెట్టించారు. మావాళ్ళు మూజియం అనేవారు. పుష్కరాలకి లక్షల జనం వస్తారు, మన రేవు చరిత్ర చూపించాలి అని ఇంటింటికీ మనిషిని పంపి పాత బొక్కెనలు, తాళ్ళు, గెడలు పట్టుకుపోయారు. పని లేకపోయాక అవి చూరులో ఉండి మాత్రం ఏం చేస్తాయని అందరూ ఇచ్చేశారు.

ఒకరోజు నేను రేవులో బట్టలు ఉతుకుతుంటే ఆయనే వచ్చారు. మావా, బావగారూ గట్టు మీదున్నారు.

"ఒరే త్రిమూర్తులూ, మీ కష్టం లోకానికి తెలియాలిరా" అన్నారు. "అద్దాల తొట్టి కట్టిస్తున్నాను. నిలువున్నర లోతు. దాంట్లో గెడ, అడుగున మన ఇసుకే. నువ్వు దిగి ఎలా తీసేవారో చూపించాలి. వరద లేదు, సుడి లేదు, పాము లేదు. నెల జీతం."

మావ బావగారి వైపు చూశాడు. బావగారు అదంతా ఎడమచెవిలో మళ్ళీ చెప్పారు.

"ఆయ్" అన్నాడు మావ.

అంతే. నన్నెవరూ అడగలేదు. నెల జీతం అన్న మాట విని అత్త ఆ సాయంత్రం కొబ్బరికాయ కొట్టించింది. మా ఇళ్ళలో నెల జీతం తెచ్చుకున్నవాడు అప్పటిదాకా లేడు.

మర్నాడు బేబీని చంకనేసుకుని చంద్రరావు గారింటికి వెళ్ళాను. ఆయన మర్యాదస్తుడే. అరుగు మీద కూర్చోమన్నారు, పిల్లకి బిస్కెట్లు ఇప్పించారు.

"అయ్యగారూ, ఆయన్ని తొట్టిలో దించకండి. తల ముంచద్దని డాక్టరు చెప్పాడండి. గేటు దగ్గర టికెట్లు చింపే పనివ్వండి, చాలు."

"చూడమ్మా, టికెట్లు చింపేవాడికి చెవులుండాలి. వచ్చినవాళ్ళు ఇటా అటా అని ఏదో ఒకటి అడుగుతారు. పలక్కపోతే పొగరనుకుంటారు. తొట్టిలోవాడికి చెవులతో పనేముంది చెప్పు?"

"ఉన్న కాస్తా పోతదండి."

"ఏట్లో ఇన్నేళ్ళు మునిగితే లేనిది, నా తొట్టిలో మునిగితే పోతాయా? తాగే నీళ్ళే పోయిస్తున్నాను తల్లీ."

ఏట్లో పోయాయి కాబట్టే వచ్చాను బాబూ అనాల్సింది. ఆ మాట ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే తోచింది. ఏడో తరగతితో బడి మానిపించేశారు నన్ను. నాకు జవాబులన్నీ బెల్లు కొట్టాకే వస్తాయి.

తాగే నీళ్ళే పోశారు, అబద్ధం ఆడలేదు. కానీ నిలవున్న నీళ్ళు పాచి పడతాయి. పాచి పడితే అద్దంలోంచి మనిషి కనపడడు. అందుకని రోజూ పొద్దున్నే బ్లీచింగు కలిపేవారు. మావ ఇంటికొస్తే ఆసుపత్రి వరండా వాసన వచ్చేది. కళ్ళు ఎర్రగా ఉండేవి. పది రోజుల్లో ఎడమచెవి కారడం మొదలుపెట్టింది. దూది ఉండలు చేసి కొబ్బరినూనెలో ముంచి రెండు చెవుల్లోనూ పెట్టి పంపాను. మధ్యాహ్నానికి వాటిని జేబులో వేసుకుని తిరిగొచ్చాడు.

"తీసెయ్యమన్నారే. అద్దంలో తెల్లగా కనపడతందంట. పూర్వం వాళ్ళకి దూదెక్కడిదని నవ్వుతారంట జనం."

"మానెయ్ మావా" అని అరిచాను. "చేపల చెరువుల దగ్గర కాపలాకి పోదాం. కూలికి పోదాం. మానెయ్."

మావ బేబీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దాని జుట్టు సవరించాడు.

"ఏట్లో ఇన్నేళ్ళు మునిగాను. ఒక్కడు చూశాడా? ఇక్కడ పైకి రాగానే చప్పట్లు కొడతన్నారే."

"ఆ చప్పట్లు నీకు వినపడుతున్నాయా?"

"చేతులు కనపడతాయిగా."

పుష్కరాలు వచ్చాయి. గోష్పాద రేవు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. మైకులు, తప్పిపోయిన పిల్లల పేర్లు, భజనలు. స్నానాలు చేసినవాళ్ళు చేసినట్టే తడిబట్టలతో మూజియంకి వచ్చేవారు. ఒకరోజు అత్త "మనమూ చూడద్దా ఏంటి, మనోడి మూజియం" అంది. బేబీకి కొత్త గౌను వేసి బయల్దేరాం. దారిలో తిరణాల కొట్లో అది ఏడిస్తే చెక్క గరిటె బొమ్మ ఒకటి కొనిపెట్టాను.

లోపల అన్నీ బోర్డులే. అత్తకి నేనే చదివిపెట్టాలి. ఒకచోట గాజు సీసాల్లో ఏ రేవు ఇసుక ఆ రేవుది. ఒక గోడకి మా వీధివాళ్ళ బొక్కెనలు వరసగా, మసి తుడిచి, నల్లరంగు వేసి. ఏది ఎవరిదో రాయలేదు. అత్త మా మామగారి బొక్కెన ఏదో గుర్తుపట్టాలని ఒక్కోదాని దగ్గరా ఆగింది. రంగు వేశాక అన్నీ ఒకటేగా ఉన్నాయి. ఇంకో గోడంతా గొడుగు కింద నిలబడ్డ చంద్రరావు గారి తండ్రి ఫోటోలు.

మూలన బట్టలకొట్టు బొమ్మ ఒకటుంది. ప్యాంటూ షర్టూ విప్పేసి గోచీ కట్టారు. ఒంటికి నల్లరంగు వేశారు గానీ సన్నటి మీసం, పాపిడి అలాగే వదిలేశారు.

"ఈడెవడే, పెళ్ళికొడుకులా ఉన్నాడు" అంది అత్త.

"పూర్వపు ఇసుక కార్మికుడు అని రాశారత్తా."

"పూర్వమేంటే? మొన్న ఉగాది దాకా తీశాడుగా మనోడు."

తొట్టి చివర్లో ఉంది. గది అంత ఉంది. నాలుగు పక్కలా అద్దాలు, అద్దాల్ని పట్టుకుని ఇనప చట్రం. గెడని కదలకుండా ఆ చట్రానికే మేకులతో బిగించారు. పైన చెక్క వేదిక మీద తాతాజీ బావగారు నిలబడ్డారు. ఆయన పుట్టిన్నాటినుంచి కట్టని ఎర్ర తలపాగా కట్టారు ఆయనకి. ఒక చేతిలో మైకు, రెండో చెయ్యి గెడ మీద. ఆ చెయ్యి చూడగానే నాకు కాస్త ఊపిరాడింది.

మావ దిగాడు. నీళ్ళలో మా మావని చూడటం నాకదే మొదలు. ఇన్నేళ్ళూ పైనుంచి బుడగలే చూశాను. ఇప్పుడు మనిషంతా కనపడ్డాడు. బుగ్గలు బిగబట్టి, జుట్టు పైకి తేలుతూ, తొందరేమీ లేకుండా బొక్కెనలోకి ఇసుక లాగుతున్నాడు. నాకెందుకో ఏడుపొచ్చింది. చాలా బాగున్నాడు.

కింద నుంచి ఎవరో గిలక తాడు లాగితే బొక్కెన పైకెళ్ళింది. మావ రెండు చేతులతో గెడ పట్టుకుని నిలబడ్డాడు, దెబ్బ కోసం. అతను ఎంతసేపు ఉంటాడో అని జనం ఒకటీ రెండూ మూడూ అని పాటలాగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. రోజూ అలాగే లెక్కపెట్టేవారంట. ఆ సరదా పోకుండా కాస్త ఆగి కొట్టమని బావగారికి ఆర్డరంట.

అప్పుడే గుమ్మం దగ్గర కలకలం. ఎవరో పెద్దాయన కుటుంబంతో వచ్చారు. చంద్రరావు గారు ఎదురెళ్ళి, "తాతాజీ, ఆ శాలువా అందుకో, అయ్యగారికి కప్పాలి" అని కేకేశారు. కుర్రాడెవడో కింద నుంచి శాలువా అందించాడు. బావగారు ఒంగి అందుకున్నారు. ఒక చేతిలో మైకు. రెండో చేతిలో శాలువా.

నేను గెడ వైపు చూశాను. గెడ మీద చెయ్యి లేదు.

"బావగారూ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. జనం లెక్క పాతిక దాటి, యాభై దాటి, ఇంకా గట్టిగా సాగింది. మావ పైకి చూడటం లేదు. గెడనే చూస్తున్నాడు. తొట్టి మీదికి ఏ లాంచీ రాదని మనిషికి తెలుసు. ఒంటికి తెలియదు. రెండు దెబ్బలు పడందే ఆ ఒళ్ళు పైకి లేవదు.

అప్పుడు గెడ ఊపాడు. ఒకసారి. కాసేపాగి, మళ్ళీ ఒకసారి. మేకులేసి బిగించిన గెడ అదరడం తప్ప కదల్లేదు. మా ముందున్నావిడ "అబ్బ, ఎంత బాగా చేస్తున్నాడండీ" అంది.

నేను జనాన్ని తోసుకుంటున్నాను. బేబీ ఎప్పుడు చంక దిగిందో తెలియదు. మనుషుల కాళ్ళ మధ్యనుంచి దూరి తొట్టి దగ్గరికి వెళ్ళింది. చేతిలో చెక్క గరిటెతో ఇనప చట్రం మీద రెండుసార్లు కొట్టింది.

మావ పైకొచ్చాడు.

ఊపిరి పీల్చుకుని, బావగారి వైపు చూసి, మామూలుగా తలూపాడు. రేవులో రోజూ ఊపినట్టే. దెబ్బ ఆయనే కొట్టారనుకున్నాడు. బావగారు శాలువా పట్టుకుని అలాగే ఉండిపోయారు. జనం చప్పట్లు కొట్టారు. మావ వేదిక మీద నిలబడి ఆ చేతులకి దణ్ణం పెట్టాడు. ఎడమచెవిలోంచి ఎర్రటి నీళ్ళు సన్నగా మెడ మీదికి దిగుతున్నాయి. తడి ఒంటి మీద అది ఎవరికీ కనపడలేదు.

నేను వేదిక పక్కకి వెళ్ళాను. ఎడమ వైపే. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. "మావా" అన్నాను. తిరగలేదు. ఇంకా గట్టిగా అన్నాను. తిరగలేదు. బేబీ "నాన్నా" అంది. తరవాత గరిటెతో చట్రం మీద మళ్ళీ కొట్టింది. మావ నిలబడింది చెక్క మీద. తెలియలేదు.

బేబీ నా చీర కుచ్చెళ్ళు పట్టి లాగింది.

"నాన్నని మళ్ళీ నీళ్ళలోకి దిగమనమ్మా. అక్కడైతే ఇనపడుద్ది."

ఆ సాయంత్రం బావగారు మా ఇంటికొచ్చారు. లోపలికి రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"శాలువా అందుకోమన్నారమ్మాయ్" అన్నారు.

"ఆయ్" అన్నాను.

మావకి ఎవరూ చెప్పలేదు. అప్పటికి చెప్పే దారి కూడా లేదు. ఎడమచెవిలో అరిచినా వట్టి గాలే తగిలేది. ఇంకేదో పని చూసుకుంటానని చెప్పి బావగారు పుష్కరాలు అవగానే భీమవరం వైపు చేపల చెరువుల కాపలాకి వెళ్ళిపోయారు. ఏ పడవా ఆయన్ని కాదనలేదు, అసలు పడవలే లేవు. కట్టుబాటు తనే పాటించుకున్నారు.

మావ మాత్రం మానలేదు. పుష్కరాల జనం పోయాక స్కూలు పిల్లల బస్సులు రావడం మొదలైంది. నేను చేతులతో సైగలు చేసి, కాళ్ళు పట్టుకుని, అన్నం మానేసి కూడా చూశాను. ఆయన నవ్వి, పిల్లలు చప్పట్లు ఎలా కొడతారో కొట్టి చూపించేవాడు. "మొగుడు రాజాలా జీతం తెస్తుంటే దీనికేం రోగం" అంది అత్త. బేబీ రోజూ తండ్రి స్నానం చేసే గోళెం పక్కన గరిటె పట్టుకుని కూర్చునేది, ఆయన తల ముంచుతాడేమో మాట్లాడదామని. అది చూడలేక, వినాయక చవితి వెళ్ళగానే పిల్లని తీసుకుని నరసాపురం వచ్చేశాను. వచ్చేటప్పుడు తొట్టి బొమ్మ నేల మీద గీసి, దాన్ని అరచేత్తో చెరిపేసి చూపించాను. అది మానేసిన రోజు రమ్మని. అర్థమైందనే తలూపాడు.

ఇప్పుడు మా అమ్మతోపాటు లేసు అల్లుతున్నాను. కార్తీక మాసంలో మావ ఒకసారి వచ్చాడు, బేబీకి మూజియం సీసా ఇసుక తెచ్చాడు. సంక్రాంతి వెళ్ళాక ఇంకోసారి వచ్చాడు. చెంపలు లోపలికి పోయాయి. తరవాత రాలేదు. ఏడాది కావస్తోంది. ఫోను చేద్దామంటే ఆయనకి వినపడదు. ఉత్తరం రాద్దామంటే చదవలేడు. బాగానే ఉన్నాడని అత్త ఎవరిచేతో కబురు పంపింది. అత్త మాటల్లో అందరూ బాగానే ఉంటారు. ఆ కబురు తెచ్చినాయన్నే అడిగాను, ఇప్పుడు గెడ పట్టుకునేదెవరని. "టికెట్లు చింపే కుర్రాడే అదీ చూస్తాడమ్మా" అన్నాడు.

నువ్వే వెళ్ళి చూడచ్చుగా అంటారు మీరు. బయల్దేరాను, నిడదవోలు దాకా. అక్కడ కొవ్వూరుకి బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద బేబీ అడిగింది, "నాన్న ఇంకా నీళ్ళలోనే ఉన్నాడా?" అని. ఉన్నాడన్నాను. "అయితే మాట్లాడచ్చు" అని సంచిలోంచి గరిటె తీసుకుంది. ఆ గరిటె దెబ్బకి కూడా ఆయన పలక్కపోతే అనుకుని, నేను అవతలి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి నరసాపురం బండెక్కేశాను.

కొవ్వూరు వెళ్ళే పని మీకెవరికైనా ఉంటే, గోష్పాద రేవు దారిలో నీలం రంగు గోడౌను కనపడుతుంది. లోపలికి వెళ్ళి చివరి దాకా నడవండి. తొట్టిలో మనిషి ఉంటే పేరు పెట్టి పిలవకండి, లెక్కపెట్టకండి. పైన నిలబడ్డవాడి చెయ్యి గెడ మీద ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ ఇనప చట్రం మీద మీ వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, ఆయన పైకొచ్చేదాకా అక్కడే ఉండండి.